పొద్దు గూకని దారిలో పద్దెనిమిది రోజులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కేసముద్రంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే ఈ రోజును మనం పండుగగా జరుపుకుంటున్నాం. పెన్షను అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ ఆ తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో మనం కరువు భత్యం గురించీ, వైద్య సౌకర్యాల గురించీ మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. అయితే ఈసారి కార్యదర్శిగారు నాతో, "ఆ సంగతులు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మీరు ఇంటిలాంటి బండిలో అలాస్కా దాకా పోయొచ్చారట కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. వారి ఆజ్ఞ ప్రకారం నాలుగు మాటలు మనవి చేస్తాను.

రైల్వేలో పట్టాల విభాగంలో పనిచేసినవాణ్ణి నేను. మా శాఖను పర్మనెంట్ వే అంటారు. ఉద్యోగమంతా కంకర, స్లీపర్లు, కట్టలు, కల్వర్టులు. కాబట్టి నేను ఏ దేశం పోయినా ముందు దారి కింద ఏముందా అని చూస్తాను. మీకు ఇందులో కొండల అందాల కన్నా కంకర ముచ్చట్లు ఎక్కువ వినిపిస్తే, అది ఉద్యోగ ధర్మమని మన్నించాలి.

బండి సంగతి

మా పెద్దబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. 2024 ఏప్రిల్‌లో మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. అమెరికా పోయిన తల్లిదండ్రుల దినచర్య ఇక్కడ చాలామందికి అనుభవమే. పొద్దున్నే కొడుకూ కోడలూ కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, పిల్లలు బడికి పోతారు. మనకు వీధిలో పలకరించే మనిషి ఉండడు. కిటికీలోంచి చూస్తే చెట్లు, కార్లు. రెండు నెలలయ్యేసరికి మా ఇంటావిడ, "ఇల్లు మంచిగనే ఉన్నది గని, మాట్లాడేటందుకు మనిషి లేడు" అన్నది. ఆ మాట మా వాడు విన్నాడు. మూడు వారాలు సెలవు పెట్టి, ఒక మోటారు ఇల్లు అద్దెకు తీసుకున్నాడు.

ఈ మోటారు ఇంటిని అక్కడ ఆర్.వి. అంటారు. చిన్న లారీ చట్రం మీద కట్టిన ఇల్లు అనుకోండి. మాది పాతిక అడుగుల పొడవు. ఇద్దరు పడుకునే మంచం, పిల్లలకు పైన అటక లాంటి పడక, పగలు భోజనాల బల్ల, రాత్రి దాన్ని దించితే పడక. గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, చిన్న స్నానాల గది. మంచినీళ్ళకు ఒక ట్యాంకు, గిన్నెలు కడిగిన నీళ్ళకు ఒకటి, మరుగుదొడ్డికి ఇంకొకటి. ఈ మూడో ట్యాంకును రెండు మూడు రోజులకోసారి అందుకని కట్టిన చోట గొట్టం పెట్టి ఖాళీ చేయాలి. చేతులకు తొడుగులు వేసుకుని ఆ పని మా వాడే చేశాడు. అక్కడ అందరూ చేస్తారు, డాక్టరైనా ప్రొఫెసరైనా. అది చూసి మనం నేర్చుకోవలసింది ఉందని నాకనిపించింది.

నాకు ఆ బండిని చూడగానే రైల్వేలో మా పట్టాల సిబ్బందికి ఇచ్చే క్యాంపు కోచీ గుర్తుకొచ్చింది. మా ఇంటావిడకు మాత్రం మేడారం బండి గుర్తుకొచ్చింది. ఆమె పుట్టింటివారు సమ్మక్క జాతరకు గూడు కట్టిన ఎడ్లబండిలో బియ్యం, ఉప్పు పప్పు, వంటపాత్రలు, కోళ్ళు, ఎడ్లకు గడ్డి అన్నీ వేసుకుని పోయేవారట. పొద్దుగూకిన చోట బండి ఆపుడు, మూడు రాళ్ళ పొయ్యి, చెట్టు కింద పడక. "గదే ఇది. ఎడ్లు లేవు అంతే" అని తేల్చింది. ఆ మాటతో ఆమెకు బండి మీద భయం పోయింది. మన తాత ముత్తాతలు చేసిన ప్రయాణమే కదా!

ప్రయాణానికి వారం ముందు మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. ఆమెకు పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్. ఇక్కడి నుంచి ఫోన్లో బంధువులందరూ "ఈ వయసులో అడవుల్లో తిరుగుడేంది?" అన్నారు. వాళ్ళన్నదీ అబద్ధం కాదు. ఆ దారిలో కొన్నిచోట్ల రెండు ఆసుపత్రుల మధ్య ఐదు వందల కిలోమీటర్లు ఉంటుంది, ఫోను పనిచేయదు. అందుకే డాక్టరును సంప్రదించి, మందులు రెండింతలు తీసుకుని, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టి, చక్కెర చూసే మిషను రెండు పెట్టుకున్నాం. జూన్ 8న బయలుదేరాం.

యుద్ధంలో పుట్టిన దారి

సియాటిల్ నుంచి కెనడా సరిహద్దు దాటి, ప్రిన్స్ జార్జ్ మీదుగా డాసన్ క్రీక్ చేరేసరికే దాదాపు 1,300 కిలోమీటర్లు. అక్కడ ఊరి మధ్యలో సున్నా మైలు స్తంభం ఉంది. అసలు అలాస్కా రహదారి అక్కడ మొదలై అలాస్కాలోని డెల్టా జంక్షన్‌లో ముగుస్తుంది. ఇప్పుడు దాని పొడవు సుమారు 2,232 కిలోమీటర్లు. కట్టిన కొత్తలో ఇంకా ఎక్కువ ఉండేది, వంకరలు తీసేస్తూ వచ్చారు. మేము అక్కడితో ఆగక ఫెయిర్‌బ్యాంక్స్, అక్కడి నుంచి ఆంకరేజ్ వెళ్ళాం. మొత్తం సుమారు 4,300 కిలోమీటర్లు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కూడా ఇంత పొడవు లేదు.

ఈ రోడ్డు ఎందుకు పుట్టిందో చెప్పాలి. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. అలాస్కాకు అమెరికా నుంచి అప్పటికి రోడ్డే లేదు. ఓడలను శత్రువు ముంచితే సైన్యానికి తిండి కూడా పోదు. అందుకని 1942 మార్చిలో పని మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్‌లో జపాన్ డచ్ హార్బర్ మీద బాంబులు వేసి, అలాస్కాకు చెందిన అట్టు, కిస్కా అనే దీవులను ఆక్రమించింది. పని వేగం ఇంకా పెరిగింది. అక్టోబరు చివరికి మొదటి దారి కలిసిపోయింది. నవంబరు 20న క్లువానీ సరస్సు ఒడ్డున మంచులో ప్రారంభోత్సవం జరిగింది. కొలతలు లేని అడవిలో ఎనిమిది నెలల్లో రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దారి వేశారు. మన దగ్గర ఒక కల్వర్టు ఎస్టిమేటు మంజూరు కావడానికి ఎన్ని నెలలు పట్టేదో ఇక్కడ ఇంజనీరింగ్ శాఖ మిత్రులకు తెలుసు!

ఆ పని చేసింది పదివేల మందికి పైగా సైనికులు. వారిలో మూడోవంతు మంది నల్లజాతివారు. అప్పటి అమెరికా సైన్యంలో నల్లవారికి వేరే దళాలు, వేరే బసలు. 93, 95, 97 నంబర్ల ఇంజనీరింగ్ దళాలు వారివి. దక్షిణాది వేడి ప్రాంతాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది. 95వ దళానికి రావలసిన యంత్రాలను తెల్లవారి దళానికిచ్చి, వీళ్ళకు పారలు, గొడ్డళ్ళు ఇచ్చారని చరిత్రకారులు రాశారు. అదే దళం సికానీ చీఫ్ నది మీద కొయ్య వంతెనను నాలుగు రోజుల లోపే కట్టి చూపించింది. చన్నీళ్ళలో ఛాతీ లోతున నిలబడి, రాత్రిళ్ళు లారీ దీపాల వెలుగులో పనిచేశారట.

ఉత్తరం నుంచి వచ్చే దళమూ, దక్షిణం నుంచి వచ్చే దళమూ 1942 అక్టోబరు 25న బీవర్ క్రీక్ దగ్గర కలిశాయి. రెండు బుల్‌డోజర్లు ఎదురుబొదురుగా వచ్చాయి. ఒకదాని మీద రిఫైన్స్ సిమ్స్ అనే నల్లజాతి కార్పొరల్, ఇంకొకదాని మీద ఆల్ఫ్రెడ్ జలుఫ్కా అనే తెల్లజాతి సైనికుడు. ఇద్దరూ చేతులు కలుపుకున్న ఫోటో లోకమంతా తిరిగింది. అయినా సైన్యంలో వేరు పంక్తులు పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞ జారీ చేసేసరికి 1948 వచ్చింది. డెల్టా జంక్షన్ చేరబోయే ముందు గర్‌స్ల్ నది మీద ఒక పెద్ద ఉక్కు వంతెన ఉంది. దానికి 1993లో నల్లజాతి సైనికుల స్మారక వంతెన అని పేరు పెట్టారు. అక్టోబరు 25ను వారి సేవకు గుర్తుగా పాటించాలని అలాస్కా రాష్ట్రం 2017లో చట్టం చేసింది. పని చేసిన 75 ఏళ్ళకు! నేను బండి ఆపించి ఆ వంతెన మీద కాసేపు నిలబడ్డాను. కింద నీళ్ళు బూడిద రంగులో పారుతున్నాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఆ దారి ఖాళీ అడవిలోంచి పోలేదు. అక్కడ తరతరాలుగా వేటాడుతూ, చేపలు పట్టుకుంటూ బతికే ఆదివాసులున్నారు. రోడ్డుతో పాటు వారికి కొత్త జబ్బులు వచ్చాయి. టెస్లిన్ వంటి ఊళ్ళలో తట్టు వంటి రోగాలు ఇంటింటినీ తాకాయి. దారి పడితే అందరికీ మేలేనని మనం అనుకుంటాం. ఎవరి ఇంటి ముందునుంచి పడిందో వారిని కూడా అడగాలి.

కదిలే నేల

డాసన్ క్రీక్ దాటగానే పీస్ నది. అక్కడ 1943లో కట్టిన గొప్ప వేలాడే వంతెన 1957లో కూలిపోయింది. తీగలు తెగలేదు, లంగరు దిమ్మ కింది నేల జారింది. ఎంత గట్టి ఉక్కు అయినా కింద నేల ఊరుకుంటేనే!

ఉత్తరాన ఇంకో చిక్కుంది. అక్కడ నేల లోపల ఏళ్ళ తరబడి గడ్డకట్టే ఉంటుంది. దాన్ని పర్మాఫ్రాస్ట్ అంటారు. పైన నాచు, గడ్డి దుప్పటిలా కప్పి ఉన్నంతకాలం లోపలి మంచు కరగదు. 1942లో బుల్‌డోజర్లతో ఆ నాచును గీకేసి రోడ్డు వేయబోతే, ఎండ తగిలి నేల కరిగి బురదగుంట అయిపోయింది. లారీలు ఇరుసు దాకా దిగబడ్డాయి. అప్పుడు తెలుసుకున్నారు, నాచును ముట్టకూడదనీ, దాని మీద దుంగలు అడ్డంగా పరచి పైన కంకర పోయాలనీ. మన నల్లరేగడిలో కట్ట పోసినవాళ్ళకు ఈ బాధ తెలుసు. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నేల మీద లైను నిలబెట్టడం ఎంత కష్టమో! అయితే మన నేల ఏడాదికోసారి కదిలి మళ్ళీ సర్దుకుంటుంది. ఆ నేల ఒకసారి కరిగితే మళ్ళీ గడ్డకట్టేది అనుమానమే.

క్లువానీ సరస్సు దాటిన తర్వాత అలాస్కా సరిహద్దు దాకా రోడ్డు అలలు అలలుగా ఉంది. గిన్నెలన్నీ గలగలమన్నాయి. గంటకు నలభై, యాభై కిలోమీటర్లు మించి పోలేం. వాతావరణం వేడెక్కడంతో ఈ కుంగుడు పెరిగిందని అక్కడివారు అన్నారు. బీవర్ క్రీక్ దగ్గర 2008 నుంచి రోడ్డు కట్టను రకరకాలుగా కట్టి పరీక్షలు చేస్తున్నారు. కట్ట వాలులో పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి, చలికాలపు గాలి లోపలికి దూరేలా చేసి, నేలను చల్లగా ఉంచే పద్ధతి వాటిలో ఒకటి. నాకు బాగా నచ్చింది. కంకర మధ్య ఖాళీ ఎంత ముఖ్యమో మా గ్యాంగ్‌మన్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

క్లువానీ సరస్సుది మరో విచిత్రం. దానికి నీళ్ళు తెచ్చే నదిని ఆదివాసుల భాషలో ఆ'య్ చూ అంటారు. 2016లో పైన హిమానీనదం వెనక్కి కరిగిపోవడంతో ఆ నీళ్ళు దారి మార్చుకుని మరో నదిలోకి వెళ్ళిపోయాయి. కొద్ది రోజుల్లోనే నది ఎండిపోయింది. ఇప్పుడు ఆ నది ఇసుక గాలికి లేచి రోడ్డు మీదికి దుమ్ముమబ్బులా వస్తుంది. కళ్ళారా చూశాం. మిషన్ భగీరథ, మిషన్ కాకతీయ చూసిన మనకు, నీళ్ళ దారి మళ్ళించడం తెలుసు. ఏ మనిషీ తాకకుండానే నది తన చెరువును వదిలి పోవడం అక్కడే చూశాను.

ఆ మధ్యాహ్నం

ఇప్పుడు మా ప్రయాణంలో అసలు కష్టం వచ్చిన రోజు చెబుతాను. ఫోర్ట్ నెల్సన్ దాటాం. ఆ ఊరిని అడవి మంట వల్ల మే 10న మొత్తం ఖాళీ చేయించి, నెలాఖరుకు మళ్ళీ రానిచ్చారు. మేము పోయేసరికి దారి పక్కన కాలిన చెట్లు నల్లటి కట్టెల్లా నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి తరువాతి ఆసుపత్రి ఉన్న వాట్సన్ లేక్ ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు.

మధ్యాహ్నం ఒకచోట రోడ్డు మరమ్మతు. ఎర్ర బోర్డు పట్టుకున్న అమ్మాయి బండ్లను ఆపి, నలభై నిమిషాలు పడుతుందని చెప్పింది. భోజనం వేళ అయింది. అన్నం, పప్పు వేడి చేశారు, మా ఇంటావిడ ఇన్సులిన్ తీసుకుంది. సరిగ్గా ఐదు నిమిషాలకు దారి తెరిచేశారు. అక్కడ పద్ధతి ఏమిటంటే, ముందు ఒక బండి దారి చూపిస్తూ పోతుంది, దాని వెనకే అందరూ వరుసగా పోవాలి. మధ్యలో ఆగడానికి వీల్లేదు. గ్యాసు ఆపి, గిన్నెలు సర్ది, అందరం బెల్టులు పెట్టుకున్నాం. ఇరవై కిలోమీటర్లకు పైగా దుమ్ములో మెల్లగా సాగాం.

కాసేపటికి ఆమెకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. మాట తడబడింది. ముందు గమనించింది కోడలు. మిషను మీద చూస్తే 58. వెంటనే నీళ్ళలో చక్కెర కలిపి తాగించింది. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసింది, 71. ఇంకోసారి ఇచ్చి, రెండు బిస్కెట్లు తినిపించింది. మూడోసారికి 96. మా వాడు స్టీరింగు పట్టుకుని అద్దంలో మావైపే చూస్తున్నాడు. బండి ఆపలేడు, ఫోను లేదు. ఆ అరగంట నాకు ఉద్యోగంలో ఏ రాత్రి పెట్రోలింగులోనూ అంత పొడుగ్గా అనిపించలేదు.

ఆ సాయంత్రం లియార్డ్ వేడినీటి బుగ్గల దగ్గర ఆగాం. భద్రాచలం దగ్గర గుండాల ఉష్ణగుండం ఉంది చూడండి, అలాంటిదే, కాని ఏరులా పారుతుంది. అడవి మధ్య కొయ్యపలకల దారి మీద నడిచి పోవాలి. నీళ్ళు 42 డిగ్రీల నుంచి 52 డిగ్రీల దాకా ఉంటాయి. ఎవరికీ దిగాలనిపించలేదు. మా వాడు "బాపూ, రేపు పొద్దున వెనక్కి తిరుగుదాం" అన్నాడు. నేనూ అదే మంచిదనుకున్నాను. పిల్లలు మొహాలు వేలాడేశారు.

మా ఇంటావిడ మెల్లగా లేచి కూర్చుంది. "ఒరే, ఎనుకటి దవాఖాన ఎంత దూరం?" అన్నది. మూడు వందల పది కిలోమీటర్లు. "ముందటిది?" రెండు వందల ఇరవై. "మరి ముందటికి పోవుడే నయం గాదురా?"

లెక్క సరిగ్గానే ఉంది. వాడు నవ్వలేక నవ్వాడు. పొద్దున్నే ముందుకే సాగాం. వాట్సన్ లేక్‌లో డాక్టరు పరీక్షించి, ప్రయాణం మానక్కర్లేదనీ, అన్నం కంచంలో పడ్డాకే సూది వేసుకోవాలనీ చెప్పారు. ఆ తర్వాత ఆమె చక్కెర పొట్లం, బిస్కెట్లు చిన్న సంచిలో పెట్టి నడుముకే కట్టుకుంది. ఇంకో సంగతి. ఆ దారిలో గడియారం ఒకసారి మారుతుంది. పైగా పొద్దు గూకదు కాబట్టి ఆకలి వేళ తెలియదు. అందుకని నా చేతి గడియారాన్ని సియాటిల్ వేళ మీదే ఉంచాం. మందులకు అదొక్కటే లెక్క.

ఆ రాత్రి మా వాడు నాతో చాలాసేపు మాట్లాడాడు. చిన్నప్పుడు వానాకాలం రాత్రిళ్ళు నేను లాంతరు పట్టుకుని లైను మీదికి పోతే, వాళ్ళమ్మ తెల్లారేదాకా నిద్రపోయేది కాదట. అది వాడికి గుర్తుందట. "ఇవాళ అద్దంలోంచి చూసేటప్పుడు అమ్మ అప్పుడు ఎట్లుండేదో తెలిసింది" అన్నాడు. నలభై ఏళ్ళలో మా మధ్య ఆ మాట రాలేదు.

కేసముద్రం బోర్డు

వాట్సన్ లేక్‌లో బోర్డుల అడవి ఒకటి ఉంది. 1942లో కార్ల్ లిండ్లీ అనే సైనికుడు, ఇంటిమీద బెంగతో, తన ఊరు ఇన్ని మైళ్ళని ఒక బోర్డు రాసి పాతాడు. అది చూసి మరొకడు, అతన్ని చూసి ఇంకొకడు. ఇప్పుడక్కడ లక్ష దాకా బోర్డులున్నాయంటారు. వచ్చినవాళ్ళు ఎవరైనా తమ ఊరి బోర్డు కొట్టవచ్చు. మేము ముందే తెలుసుకుని పసుపు రంగు రేకు మీద నల్ల అక్షరాలతో, మన స్టేషను బోర్డు తీరుగా, "కేసముద్రం" అని తెలుగులో రాయించి తీసుకుపోయాం. మనుమడు మేకులు పట్టుకున్నాడు, నేను సుత్తి. పక్కన ఎవరో జర్మనీవారు "ఇది ఏ సముద్రం ఒడ్డున?" అని అడిగారు. సముద్రం అంటే మా వైపు చెరువు కూడా అవుతుందని చెప్పాను. వారికి ఎంత అర్థమయిందో తెలియదు కాని, ఫోటో తీసుకున్నారు.

ఇక అక్కడి నుంచి మిగతా దారి త్వరగా చెబుతాను. దారి పొడుగునా నల్ల ఎలుగుబంట్లు రోడ్డు పక్కన పసుపు పూలు మేస్తూ కనిపించాయి. అడవి దున్నల మంద ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి, మా హారనుకు లొంగలేదు. ఎలుగులకు వాసన తగలకుండా తిండి బయట పెట్టకూడదు, చెత్త ఇనుప డబ్బాల్లోనే వేయాలి. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగును చివరికి కాల్చి చంపవలసి వస్తుందట. దోమలు మన చెరువు గట్టు దోమలకు పెద్దన్నలు. వైట్‌హార్స్‌లో పెట్రోలు బంకులో పంజాబీ కుర్రాడు మా ఇంటావిడ చీర చూసి, టీ డబ్బులు తీసుకోలేదు. బీవర్ క్రీక్‌కు దగ్గర్లోని స్నాగ్ అనే చోట 1947 ఫిబ్రవరి 3న సున్నాకు దిగువన 63 డిగ్రీల చలి నమోదైంది. మేము పోయిన జూన్‌లో అక్కడ చొక్కా మీద స్వెట్టరు చాలింది.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో జూన్ 20, 21 తేదీల్లో ఉన్నాం. అప్పుడు అక్కడ రోజుకు దాదాపు 22 గంటలు ఎండ. సూర్యుడు అర్ధరాత్రి దాటాక కాసేపు దిగి, మూడు గంటలకల్లా వచ్చేస్తాడు. చీకటి పడదు. 1906 నుంచి అక్కడ జూన్ 21న రాత్రి పది గంటలకు దీపాలు లేకుండా బేస్‌బాల్ ఆట ఆడుతున్నారు. మా ఇంటావిడ బాధ వేరు. "దీపం పెట్టేటి వేళ ఎట్ల తెలవాలె?" చివరికి నా చేతి గడియారం ఆరు చూపినప్పుడు, బల్ల మీద చిన్న ప్రమిద వెలిగించేది. ఎండలో ఆ దీపం కనిపించేది కాదు. అయినా పెట్టేది.

తర్వాత డెనాలి జాతీయ పార్కు. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అక్కడుంది, 6,190 మీటర్లు. 2015లో ఆదివాసుల పేరైన డెనాలిని అధికారికంగా చేశారు, 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం మళ్ళీ మెకిన్లీ అని మార్చింది. అక్కడివారు చాలామంది డెనాలి అనే అంటారు. వచ్చినవారిలో మూడోవంతుకే మబ్బు తొలగి శిఖరం కనిపిస్తుందంటారు. మాకు ముప్పావుగంట కనిపించింది. పార్కు లోపలి రోడ్డు 43వ మైలు దగ్గర మూసి ఉంది. 2021 ఆగస్టులో అక్కడ కొండచరియ వేగంగా జారడం మొదలై దారిని తెంచేసింది. లోపలి మంచు కరగడమే కారణమట. దాని మీద వంతెన కడుతున్నారు. అంత పెద్ద దేశానికి కూడా అది ఏళ్ళ పని. జూన్ 25న ఆంకరేజ్‌లో బండి అప్పగించి, విమానంలో తిరిగి వచ్చాం.

మన లైను మాట

ఆగస్టులో మన ఊరు వచ్చాం. సెప్టెంబరు 1న ఏం జరిగిందో ఈ సభలో అందరికీ తెలుసు. ఆ కుంభవృష్టికి ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో ఊయలలా వేలాడాయి. 1889లో బెజవాడ దాకా పూర్తయిన లైను ఇది. ఎన్ని వానలు చూడలేదు? అయినా అంత నీరు ఒక్కసారిగా వస్తే కట్ట ఏం చేస్తుంది? రైళ్ళను ముందే ఆపారు కాబట్టి ఘోరం తప్పింది. వందలమంది సిబ్బంది వానలో, బురదలో రాత్రింబవళ్ళు పనిచేసి, కొద్ది రోజుల్లోనే బండ్లు నడిపించారు. నేను పోయి చూశాను. నాకు వెంటనే గర్‌స్ల్ నది వంతెన గుర్తుకొచ్చింది.

అక్కడ మంచు కరిగి దారి కుంగుతోంది, ఇక్కడ ఒక్క రోజు వాన దారిని మింగుతోంది. రెండిటికీ వేడెక్కే గాలితో సంబంధం ఉందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దారి శాశ్వతం అని మా శాఖకు పేరు పెట్టారు గాని, దాన్ని రోజూ నిలబెట్టేవాడు గ్యాంగ్‌మన్. అక్కడ 75 ఏళ్ళకైనా వారి పేరున ఒక రోజు పెట్టారు. మన దగ్గర ఆ సెప్టెంబరులో పనిచేసినవారిని మనమే పిలిచి ఒక శాలువా కప్పవచ్చు. వచ్చే సభలో ఆ పని చేయాలని సంఘానికి నా విన్నపం.

చివరగా పిల్లల దగ్గరికి విదేశాలు పోయేవారికి నాలుగు మాటలు. అమెరికా నుంచి కెనడా దాటాలంటే కెనడా వీసా విడిగా ఉండాలి, తిరిగి రావడానికి అమెరికా వీసా పలుమార్లు ప్రవేశించే రకంగా ఉండాలి. ప్రయాణపు ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు, పాత జబ్బులకు ఏ మేరకు వర్తిస్తుందో కాగితం చదివి సంతకం చేయండి. మందుల చీటీ, మందులు విడివిడిగా రెండు సంచుల్లో పెట్టుకోండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసి వస్తే, పరదేశంలో ఉన్నామని కంగారు పడకండి. భారత రాయబార కార్యాలయం ద్వారా ఇవ్వవచ్చు. ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ చేసే సదుపాయం కూడా 2021 నుంచి వచ్చింది. పోయే ముందే మీ బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

అంత దూరం అందరూ పోలేరు, పోనక్కర్లేదు కూడా. ఖర్చు తక్కువ కాదు, మాకు కొడుకు పెట్టాడు. కాని లక్నవరమో, రామప్పో, భద్రాచలమో, పిల్లలతో కలిసి ఒకే బండిలో, తొందర లేకుండా పోయి రండి. ఇంట్లో నాలుగు గదుల్లో ఉన్నప్పుడు రాని మాటలు బండిలో వస్తాయి. వయసైందని ఇంట్లో కూర్చోబెట్టేవారికి మా ఇంటావిడ లెక్క చెప్పండి. దవాఖాన ఎంత దూరమో కనుక్కుని, ముందుకు పొండి.